బాలు పాట ఇప్పుడు ఎవరి గొంతులో ఉంది

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ పెళ్లి రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రా మాట్లాడుకోవడానికి వెళ్లినవాళ్లు అడ్వాన్సు చేతికివ్వక ముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "బాలు పాటలు పాడే మనిషి ఉన్నాడా?" కీబోర్డు ఎవరు, ప్యాడ్స్ ఎవరు, లేడీ సింగర్ ఎక్కడి నుంచి వస్తుంది, ఇవన్నీ తర్వాతి సంగతి. బాలు పాట పాడే మనిషి లేకపోతే అది ఆర్కెస్ట్రా కిందే లెక్క కాదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంది, అడిగే తీరు కూడా మారలేదు.

ఏటా జూన్ 4న పుట్టినరోజు, సెప్టెంబర్ 25న వర్ధంతి. ఆ రెండు రోజులూ ఫొటోకు దండ పడుతుంది, వాట్సాప్ స్టేటస్‌లు నిండిపోతాయి, ఏదో ఒక కళాక్షేత్రంలో నాలుగు గంటల పాటల కార్యక్రమం జరుగుతుంది. అందులో తప్పేమీ లేదు, జరగాలి కూడా. కానీ ఒక గాయకుణ్ణి గుర్తుపెట్టుకోవడం అనే పని నిజంగా జరిగేది ఆ రెండు రోజుల్లో కాదు. మిగిలిన మూడు వందల అరవై మూడు రోజుల్లో ఎవరో ఒకరు ఆ పాటను మళ్లీ పాడాలి, తప్పు పాడితే తప్పని చెప్పే చెవి ఉండాలి. బాలు విషయంలో ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు, అందులో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతోంది అనేదే ఇక్కడి విషయం.

మన దగ్గర పాప్ సంగీతం అని వేరే గది లేదు. సినిమా పాటే జోలపాట, సినిమా పాటే ప్రేమలేఖ, అయ్యప్ప మాల వేసుకుంటే భజన బాణీ కూడా చాలాసార్లు సినిమా పాటదే. మనిషి పుట్టిన దగ్గర్నుంచి ఊరేగింపు దాకా అన్నిటికీ ఒకే దుకాణం. అందువల్ల ఆ దుకాణంలో యాభై ఏళ్లకు పైగా వినిపించిన గొంతు ఆగిపోతే "ఇంట్లో మనిషి పోయినట్టుంది" అని జనం అన్నారంటే అది మాటవరసకు అన్నది కాదు. ఇంట్లో మనిషి మాట కన్నా ఎక్కువసార్లు విన్న గొంతు అది.

అసలు ఆ చావు వచ్చిన తీరే జనాన్ని సరిగా ఏడవనివ్వలేదు. 2020 ఆగస్టు 5న కొవిడ్‌తో చెన్నైలో ఆసుపత్రిలో చేరినప్పుడు ఆయనే వీడియోలో కనిపించి, లక్షణాలు కొద్దిగానే ఉన్నాయని, ఎవరూ కంగారుపడి ఫోన్లు చేయొద్దని చెప్పారు. పది రోజులు తిరక్కుండానే పరిస్థితి విషమించింది. వెంటిలేటర్, ఆ తర్వాత గుండె, ఊపిరితిత్తుల పని యంత్రంతో చేయించే ఎక్మో. అప్పటిదాకా ఆ మాటే వినని పల్లెల్లో కూడా ఎక్మో అంటే ఏమిటో ఒకరికొకరు చెప్పుకున్నారు. మధ్యలో కొవిడ్ నెగెటివ్ వచ్చిందన్నారు, కోలుకుంటున్నారన్నారు, అందరికీ ఆశ పుట్టింది. చేరిన 51 రోజులకు, ఒక శుక్రవారం మధ్యాహ్నం 1:04కి అంతా అయిపోయింది. మరుసటి రోజు చెన్నై దగ్గర తామరైపాక్కంలోని ఆయన తోటలో తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు.

సీమలో మనిషి పోతే చూడడానికి పోవడం అనేది చిన్న మర్యాద కాదు. పని మానుకుని, బస్సెక్కి, చివరి చూపు చూసి, ఇంటివాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వస్తేనే మనసు కుదుటపడుతుంది. ఆ సెప్టెంబర్‌లో అది ఎవరికీ దక్కలేదు. కర్నూలు అయితే ఏప్రిల్ నుంచే రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో ముందు వరుసలో ఉండి బిక్కుబిక్కుమంటూ గడిపింది. సొంత బంధువుల అంత్యక్రియలకే నలుగురు వెళ్లలేని రోజులవి. సంతాపసభ పెడదామన్నా నలుగురూ చేరడానికి భయం. ఆర్కెస్ట్రా వాళ్ల సంగతి మరీ ఘోరం. మార్చి నుంచి పెళ్లిళ్లలో పాటల్లేవు, ఆగస్టు 22న వినాయక చవితి వచ్చినా వీధి మండపాల్లేవు, ఆంజనేయస్వామి గుడి దగ్గర కార్యక్రమాల్లేవు. ఏ మనిషి పాటల మీద ఇల్లు గడుస్తోందో ఆ మనిషి పోయిన రోజు, ఆయన పాట పాడి ఏడవడానికి మైకు లేదు. తర్వాతి ఏడాది సంస్మరణ సభల్లో చాలామంది గాయకులు పల్లవి మధ్యలో ఆగిపోవడానికి ఇది కూడా ఒక కారణం. ఆ ఏడుపు అప్పుడే రావాల్సింది, ఆలస్యంగా వచ్చింది.

ఇక ఊళ్ల హక్కుల సంగతి. ఇలాంటి మనిషి పోయాక ప్రతి ఊరూ "ఆయన మావాడే" అంటుంది. అనంతపురానికి ఆ మాట అనడానికి నిజంగానే ఆధారం ఉంది. బాలు ఇంజనీర్ అవుదామని చేరింది అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలోనే, అంటే ఇప్పటి జేఎన్‌టీయూ కాలేజీలో. ఆ కాలేజీ 1946లో మద్రాసులో మొదలై 1948లో అనంతపురం వచ్చింది. బాలు పుట్టిన సంవత్సరం కూడా 1946. అయితే టైఫాయిడ్ వచ్చి ఆయన చదువు మధ్యలోనే ఆగిపోయింది, తర్వాత మద్రాసు వెళ్లి ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ కోర్సులో చేరారు. ఉన్నది కొన్నాళ్లే కాబట్టి అనంతపురం ఆయన్ను గాయకుణ్ణి చేసిందని చెప్పుకోవడం అతి అవుతుంది. ఆ జ్వరం రాకుండా ఉంటే ఏ నీటిపారుదల శాఖలోనో రిటైరై ఉండేవారేమో అని అనంతపురం వాళ్లు అనుకుంటుంటారు, అనుకోవచ్చు.

కడప జిల్లా హక్కు ఇంకా గట్టిది, కానీ దాన్ని గుర్తుచేసేవాళ్లే తక్కువ. బాలు మొదటి సినిమా పాట 1966 డిసెంబర్ 15న రికార్డయింది. సినిమా శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న, సంగీతం ఎస్పీ కోదండపాణి. నిర్మాత హాస్యనటుడు పద్మనాభం. ఆయనది పులివెందుల పక్కన సింహాద్రిపురం. ఆ పాటలో సుశీల, పీబీ శ్రీనివాస్, రఘురామయ్య లాంటి ఉద్దండులు పక్కనుండగా ఇరవై ఏళ్ల కుర్రాడికి మైకు ముందు చోటిచ్చిన సినిమాకు డబ్బు పెట్టింది కడప జిల్లా మనిషి. కొత్త గొంతు పనికిరాకపోతే నష్టపోయేది నిర్మాతే. నలభై వేల పాటల గురించి మాట్లాడేటప్పుడు ఆ మొదటి పాట వెనక నిలబడ్డవాళ్ల పేర్లు చెప్పకపోవడం అన్యాయం. సింహాద్రిపురంలో బాలు వర్ధంతి జరిపితే అక్కడ పద్మనాభం ఫొటో కూడా ఉండాలి.

ఆ నలభై వేల లెక్క గురించి ఒక మాట. అందరూ చెప్పే సంఖ్య అది. యాభై నాలుగేళ్లకు పంచితే రోజుకు రెండు పాటలు. వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ బాలును తలుచుకోగానే మొదట వచ్చేది ఈ అంకె కావడం బాధ కలిగిస్తుంది. అంకె ఎన్ని పాడారో చెబుతుంది గానీ ఎలా పాడారో చెప్పదు. ఆరు జాతీయ అవార్డుల సంగతి కొంచెం నయం, ఎందుకంటే అవి తెలుగు, హిందీ, కన్నడ, తమిళం అని నాలుగు భాషల్లో వచ్చాయి. అంటే నాలుగు భాషల వాళ్లు ఆ గొంతును తమదే అనుకున్నారన్నమాట.

ఈ భాషల విషయం సీమలో ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మడకశిర, రాయదుర్గం వైపు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. అక్కడి టీ అంగళ్లలో తెలుగు బాలుకూ కన్నడ బాలుకూ తేడా చూడరు. మొదటి తెలుగు పాట రికార్డయిన ఎనిమిది రోజులకే ఆయన కన్నడ పాట పాడారు, కన్నడ హీరో విష్ణువర్ధన్‌కు ఆయన గొంతే గొంతు. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 1989 తర్వాత పెరిగిన పిల్లలకు బాలు అంటే సల్మాన్ ఖాన్ గొంతు. ఈ హిందీ పాటలు పాడేది తెలుగాయన అని తెలిసి ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు. కడప పెద్ద దర్గా ఉరుసుకు రెహమాన్ వస్తాడని ఊరంతా ఎదురుచూస్తుంది కదా, ఆ రెహమాన్ కట్టిన తమిళ పాటకే బాలుకు ఆరో జాతీయ అవార్డు వచ్చింది.

ఇంతకీ ఆ గొంతు ఇక్కడి ఇళ్లలోకి ఎలా వచ్చింది? మొదట రేడియో. కడప ఆకాశవాణి కోరిన పాటల్లో పాటకు ముందు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు వరసగా చదివేవారు. జమ్మలమడుగు నుంచి ఫలానా, రాయచోటి నుంచి ఫలానా. చివర్లో సినిమా పేరు, రచయిత, సంగీతం, "గానం: ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, సుశీల". పాట ఎవరిదో తెలియకుండా వినే అవకాశమే లేదు. ఇప్పుడు యూట్యూబ్‌లో పాట కింద హీరో పేరు పెద్దగా, గాయకుడి పేరు ఎక్కడో అడుగున ఉంటోంది, కొన్నిసార్లు అసలే ఉండదు. పోస్టుకార్డు రాసి, తన పేరూ గాయకుడి పేరూ ఒకే నోట వినడానికి వారమంతా ఎదురుచూసిన శ్రోతకు గాయకుడంటే ఉన్న లెక్క వేరు.

తర్వాత క్యాసెట్లు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, అనంతపురం, ఏ ఊళ్లో చూసినా బస్టాండుకు దగ్గర్లో రికార్డింగ్ సెంటర్ ఉండేది. తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు కొనిచ్చి వస్తే రెండు మూడు రోజులకు రికార్డు చేసి ఇచ్చేవారు. తొంభై క్యాసెట్టు అంటే ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు, పది పాటలు పట్టేవి. పదకొండోది రాస్తే చరణం మధ్యలో టక్కున తెగిపోయేది. ఆ తెగిన పాట తెగిన చోటే జ్ఞాపకం ఉండిపోయినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఎక్కడైనా పూర్తి పాట వింటుంటే ఆ చోట ఉలిక్కిపడతారు. అట్ట మీద ఇంకుపెన్నుతో రాసే పేర్లు కూడా గుర్తుంచుకోదగ్గవి: "బాలు సోలో", "బాలు-జానకి", "బాలు-సుశీల", తర్వాత "బాలు-చిత్ర". సినిమా పేరుతో కాదు, హీరో పేరుతోనూ కాదు. ఆ రికార్డింగ్ సెంటర్ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే పాటలను గొంతును బట్టి వర్గాలు చేశాడు. ఇప్పటి ప్లేలిస్టులన్నీ ఆ అట్టల దగ్గర నేర్చుకున్నవే.

ఇక అసలు సంగతి. బాలు గొంతులో ఏముంది? తీయని గొంతు అంటే సరిపోదు. తీయని గొంతులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయినప్పుడు తెలుగు సినిమాకు పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ఎన్టీఆర్, ఏఎన్ఆర్ ఇద్దరి ముఖాలకూ జనం మనసులో ఉన్న గొంతు ఘంటసాలదే. ఆ ముఖాల మీద వేరే గొంతు పెడితే అతుకుతుందా? అప్పుడు ఘంటసాలను అనుకరించడం తేలికైన దారి. బాలు ఆ దారిలో పోలేదు. గాయకుణ్ణి కాకుండా నటుణ్ణి విన్నారు. ఎన్టీఆర్ మాట ఎక్కడ బరువుగా పడుతుంది, ఏఎన్ఆర్ మాట చివర్లో ఎలా మెత్తగా జారుతుంది, కృష్ణ ఎలా సూటిగా పలుకుతాడు, ఇవి పట్టుకుని పాటలో పెట్టారు. అల్లు రామలింగయ్యకు పాడినప్పుడు అల్లు రామలింగయ్యే పాడుతున్నాడని జనం అనుకునేంత. సినిమా చూడని మనిషి రేడియోలో పాట విని "ఇది ఎన్టీఆర్ పాట" అని చెప్పగలిగేవాడంటే కారణం ఇదే. ఆయన డబ్బింగ్‌లో అంతగా రాణించింది కూడా ఈ చెవి వల్లే. తెలుగులో కమల్ హాసన్‌కు ఆయన గొంతే ఇచ్చారు. గాంధీ సినిమాలో గాంధీ పాత్ర వేసిన బెన్ కింగ్‌స్లీకి తెలుగులో గొంతు ఇచ్చింది కూడా బాలునే.

కాబట్టి బాలు చేసింది ఒక రకమైన అనుకరణే, కానీ అది ఇంకో గాయకుణ్ణి అనుకరించడం కాదు. ఈ తేడా తర్వాత అవసరమవుతుంది, అందుకే ఇంతగా చెప్పాల్సి వచ్చింది.

రెండో విషయం మాట. ఒత్తులు, దీర్ఘాలు, ళ-ల తేడా, శ-ష-స తేడా. చాలామంది గాయకులు పై స్థాయికి వెళ్లగానే మాటను వదిలేసి స్వరాన్ని కాపాడుకుంటారు. బాలు పాటలో ఎంత పైకి వెళ్లినా మాట చెక్కుచెదరదు. పొలంలో పనిచేసుకుంటూ దూరం నుంచి మైకులో విన్నా ప్రతి మాటా తెలుస్తుంది. వేరుశనక్కాయలు వలిచే ఆడవాళ్లకు ఆయన పాటలు చరణాలతో సహా నోటికి వచ్చాయంటే దానికి సగం కారణం ఈ పలుకే. చదువు రానివాళ్లు కూడా కష్టమైన సాహిత్యం తప్పు లేకుండా పాడేవారు, ఎందుకంటే విన్నదే తప్పు లేకుండా విన్నారు.

మూడోది నేర్చుకునే గుణం. శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషి కాదు ఆయన. తండ్రి సాంబమూర్తి హరికథలు చెప్పేవారు, ఇంట్లో విన్నదే పునాది. శంకరాభరణం పాటలకు పిలుపు వచ్చినప్పుడు తనవల్ల కాదని వెనకాడారు. ఆ సినిమా సంగీత దర్శకుడు కేవీ మహదేవన్ సహాయకుడు పుహళేంది ఓపిగ్గా కూర్చోబెట్టి నేర్పించారు. 1979 సంవత్సరానికి మొదటి జాతీయ అవార్డు ఆ పాటలకే వచ్చింది. ఇది కేవలం ప్రతిభ కథగా చెబుతుంటారు. నిజానికి ఇది రాదని ఒప్పుకున్న మనిషి కథ, ఒప్పుకున్నాక కూర్చుని నేర్చుకున్న మనిషి కథ, నేర్పే ఓపిక ఉన్న ఇంకో మనిషి కథ. పుహళేంది పేరు లేకుండా ఆ అవార్డు గురించి మాట్లాడడం సగం మాట.

తనకు ముందు పోయినవాళ్లను బాలు ఎలా గుర్తుపెట్టుకున్నారో చూస్తే ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకోవాలో కొంత తెలుస్తుంది. గురువు కోదండపాణి 1974లో పోయారు. బాలు తర్వాత చెన్నైలో రికార్డింగ్ స్టూడియో కట్టి దానికి కోదండపాణి పేరే పెట్టారు. అంటే గురువు పేరు మీద కొత్త పాటలు పుట్టే చోటు తయారు చేశారు. నెల్లూరులో తండ్రి ఉన్న ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. అక్కడ కూడా పిల్లలు కూర్చుని నేర్చుకునేదే. 1996లో మొదలైన టీవీ పాటల పోటీ పాడుతా తీయగా అయితే మరీను. ప్రతి పిల్లవాడి పాట అయ్యాక ఆ పాట రాసినవారెవరు, బాణీ కట్టినవారెవరు, రికార్డింగ్ రోజు ఏం జరిగింది అని చెప్పేవారు. ఆ తర్వాత మెల్లగా, నొప్పించకుండా, "ఇక్కడ ఒత్తు పలకలేదు నాన్నా" అన్న ధోరణిలో దిద్దేవారు. పోటీలో ఓడిన పిల్లలు కూడా ఆ దిద్దిన మాటను ఇంటికి మోసుకెళ్లారు. కడప, కర్నూలు జిల్లాల్లో ఇప్పుడు సంగీతం చెప్పే టీచర్లలో ఆ ప్రోగ్రాం చూసి పలుకు సరిచేసుకున్నవాళ్లు ఎందరో.

ఇప్పుడు మళ్లీ ఆర్కెస్ట్రా దగ్గరికి వద్దాం.

బాలు పాటలు పాడే మేల్ సింగర్ దగ్గర పుస్తకం ఉంటుంది. పొడుగు నోటు పుస్తకం, ప్లాస్టిక్ అట్ట, మూలలు నలిగి మెత్తబడి ఉంటాయి. ఇప్పటి కుర్రాళ్లు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసి పాడుతున్నారు గానీ పాతకాపులు పుస్తకం వదలరు. పేజీ పైన పాట, పక్కన శృతి. చాలా పాటలకు అసలు శృతి కొట్టేసి ఒకటి దించి రాసి ఉంటుంది, ఎందుకంటే బాలు స్టూడియోలో ఒక్కసారి పాడిన పాటను ఈయన రాత్రి పదకొండింటికి, అప్పటికే పదిహేను పాటలు పాడిన గొంతుతో, భోజనాల పొగలో నిలబడి పాడాలి. లేడీ సింగర్ లైన్లు ఎర్ర ఇంకుతో ఉంటాయి. నవ్వు వచ్చే చోట చిన్న గుర్తు. సాహిత్యం మధ్యలో పెన్సిలుతో నిలువు గీతలు. గీత ఉన్న చోట ఊపిరి తీసుకోవాలి. ఆ గీతలు ఎవరో చెప్పి పెట్టించినవి కావు. రికార్డు పదిసార్లు, ఇరవైసార్లు విని, బాలు ఎక్కడ గాలి పీల్చారో పట్టుకుని పెట్టుకున్నవి. పీల్చినట్టు వినపడదు కాబట్టి అది పట్టుకోవడం చాలా కష్టం. ఏ సంగీత పరిశోధకుడూ చేయనంత దగ్గరగా ఆ పాటను చదివిన మనిషి ఈ సింగర్.

అయినా ఈయనకు వచ్చే పెద్ద మెప్పు ఏమిటంటే "అచ్చం బాలులా పాడావు" అనేది. ఆ మాట మంచిదే, పొట్ట నింపేది కూడా అదే. కానీ అందులో ఒక చిక్కు ఉంది. అచ్చం బాలులా అనిపించుకోవాలంటే గొంతు రంగు పట్టుకోవాలి, ఆ చిన్న నవ్వు పట్టుకోవాలి, చివర్లో వణుకు పట్టుకోవాలి. ఇవి పైకి కనిపించేవి. ఎన్టీఆర్‌కు వేరుగా, ఏఎన్ఆర్‌కు వేరుగా పలికిన ఆ వినికిడి పట్టుబడదు. దాంతో అన్ని పాటలూ ఒకే బాలు గొంతులో వస్తాయి, నిజం బాలు ఎప్పుడూ అలా పాడలేదు. ఇది సింగర్ తప్పు కాదు. వినేవాళ్లు అడిగేది అదే కాబట్టి. వినేవాళ్లు "ఆ మాట బాగా పలికావు" అని మెచ్చుకోవడం మొదలుపెడితే పాడేవాళ్లు కూడా అటువైపు వస్తారు.

కర్నూలులో, అనంతపురంలో ఈమధ్య బాగా పెరిగిన కరోకే బృందాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రిటైరైన టీచర్లు, బ్యాంకువాళ్లు, ఆర్టీసీవాళ్లు ఆదివారం చిన్న హాలు మాట్లాడుకుని ట్రాక్ పెట్టుకుని పాడుతున్నారు. శృతి తప్పుతుంది, తాళం పరిగెత్తుతుంది. కొందరు వీళ్లను చిన్నచూపు చూస్తారు, అది సరైంది కాదు. అరవై ఏళ్లు వచ్చాక మొదటిసారి మైకు పట్టుకుని వణుకుతూ బాలు పాట పాడే మనిషి ఆ నాలుగు నిమిషాల కోసం వారమంతా సాధన చేశాడు. పాట కష్టం పాడితేనే తెలుస్తుంది. ఆ కష్టం తెలిశాక మళ్లీ బాలును వింటే అది వేరే వినికిడి.

ఇంతవరకూ చెప్పిందంతా మనుషులు గొంతుతో చేసే పని. 2024 మొదట్లో కొత్త సమస్య బయటపడింది. ఒక తెలుగు సినిమాలో బాలు గొంతును ఏఐతో పుట్టించి వాడారని, తమను అడగలేదని కొడుకు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపించారు. దాదాపు అదే సమయంలో రెహమాన్ ఇద్దరు చనిపోయిన తమిళ గాయకుల గొంతులను ఏఐతో ఒక పాటలో వాడారు. వాళ్ల కుటుంబాలను అడిగి, డబ్బు ఇచ్చి వాడామని చెప్పారు. రెండిటి మధ్య ఉన్న తేడా అనుమతి. అది చట్టానికి సంబంధించిన తేడా, అవసరమైనదే. ఆ కుటుంబాన్ని అడగకుండా గొంతు తీసుకోవడం తప్పే.

కానీ అనుమతి ఉన్నా మిగిలే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏఐ పట్టుకునేది కూడా ఆ పైపై రంగునే, నవ్వునే, వణుకునే. ఆర్కెస్ట్రా సింగర్‌కు ఉన్న చిక్కే దానికీ ఉంది, ఇంకా ఎక్కువగా ఉంది. కొత్త పాటను ఈ నటుడికి ఎలా పలకాలి, ఈ మాట దగ్గర ఎందుకు ఆగాలి అని తేల్చుకునే మనిషి అందులో లేడు. పుహళేంది దగ్గర కూర్చుని "నావల్ల కాదేమో" అనుకున్న మనిషి లేడు. పెళ్లిలో పాడే సింగర్‌కు గొంతు బొంగురుపోతుంది, ఊపిరి సరిపోదు, అయినా ఆయన ఆ గీత దగ్గర ఆగి నిజంగా గాలి పీల్చుకుంటాడు. ఏఐ గొంతు ఊపిరి శబ్దాన్ని కూడా తయారు చేస్తుంది గానీ దానికి ఊపిరి అవసరం లేదు. బాలును తలుచుకోవడం అంటే బాలు కొత్త పాటలు పాడినట్టు నమ్మించుకోవడం అయితే, కొత్త కుర్రాడికి దక్కాల్సిన అవకాశం కూడా ఆ చనిపోయిన గొంతే తినేస్తుంది. బతికుండగా ప్రతి వారం కొత్త పిల్లలకు మైకు ఇచ్చిన మనిషికి ఇంతకన్నా అన్యాయం ఉండదు.

ప్రభుత్వాలు చేయాల్సింది కొంత చేశాయి. 2021లో పద్మవిభూషణ్ ఇచ్చారు. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. చెన్నైలో ఆయన ఉన్న వీధికి ఆయన పేరు వచ్చింది. వీటిలో పాఠశాల పేరు అన్నిటికన్నా సంతోషం కలిగిస్తుంది, కోదండపాణి పేరు మీద స్టూడియో కట్టిన మనిషికి అది సరిగ్గా తగినది. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో ఏటా జరిగే పిల్లల వేడుకల్లో ఒక్క సాయంత్రం ఆయన పేరు మీద పాటల పోటీ పెట్టినా చాలు. విగ్రహం అక్కర్లేదు. పాడిన పిల్లల పలుకు దిద్దే పెద్దమనిషి ఒకరు ముందు వరుసలో ఉంటే చాలు.

ఆ నోటు పుస్తకం సంగతి ఇంకొంచెం ఉంది. ఆర్కెస్ట్రాలోకి కొత్త కుర్రాడు వస్తే పాతాయన పుస్తకం తీసుకుని పాటలు ఎత్తి రాసుకుంటాడు. పాతాయన పెట్టిన గీతలన్నీ కుర్రాడి పుస్తకంలోకి వస్తాయి, వాటి మధ్యలో ఇంకొన్ని కొత్త గీతలు కూడా పడతాయి. కుర్రాడి ఊపిరి ఇంకా చిన్నది, ఒక్క లైనులో రెండుసార్లు ఆగాల్సి వస్తుంది. మొదటి సీజన్‌లో పేజీ నిండా గీతలే. రెండు మూడు పెళ్లిళ్ల సీజన్లు గడిచాక అదే పుస్తకం తెరిచి చూస్తే, చరణంలో అక్కడక్కడా గీతను రబ్బరుతో చెరిపేసిన మసక మచ్చలు కనిపిస్తాయి.